క్రొత్త వ్యాధియు ప్రాత జ్వరమును

ధనుర్మాసపు వేకువలందు మా వీధి స్త్రీలము వాకిళ్లలో కల్లాపి చల్లి, ముగ్గులు పెట్టుచు, నడుమ నడుమ ఒకరినొకరము యోగక్షేమములు విచారించుకొనుట వాడుక. 2025వ సంవత్సరము జనవరి 7వ తేదీ ఉదయమున మాత్రము ముగ్గులపై ఎవరికిని మనసు నిలువలేదు. చైనాదేశమున ఏదో క్రొత్త వైరసు చెలరేగినదనియు, అది బెంగుళూరువరకు వచ్చినదనియు, పసిబిడ్డలను పట్టుచున్నదనియు ముందునాటి సాయంకాలమే టీవీలయందును ఫోనులయందును వార్త ప్రాకిపోయెను. సంక్రాంతికి సరిగా వారము దినములుండెను.

"పండక్కి పిల్లల్ని తీసుకురావద్దని మా అమ్మాయికి ఫోను చేసి చెప్పేశాను వదినా" అని యెదురింటి ఆమె యనెను. "మళ్లీ లాక్‌డౌను పెడతారట. మావారు అప్పుడే రెండు బస్తాల బియ్యం దింపించారు" అని మరియొక యామె పలికెను. "మేష్టారుగారు ఏమంటున్నారక్కయ్యా, బళ్లు మూసేస్తారటనా?" అని అందరును నన్నడిగిరి.

ఇప్పుడు నేను ధైర్యశాలినని చెప్పుకొనుటవలన ప్రయోజనము లేదు. నేనును భయపడితిని. ఆక్సిజను దొరకక జనులు ఆసుపత్రి వాకిళ్లయందు తల్లడిల్లిన 2021వ సంవత్సరపు వేసవి మనలో ఎవరు మరువగలరు? ఇంటికి వచ్చి, బీరువా యడుగున పడియున్న మాస్కులు వెలికిదీసి ఉతికి ఆరవేసితిని. చేతులు తుడుచుకొను మందుసీసాలు తెప్పించి గడపకొక్కటి చొప్పున పెట్టితిని. చిన్నవానిని వీధి యరుగు దిగనీయనైతిని. ఈ సందడిలో మా యత్తగారు రెండు దినములుగా దగ్గుచున్న సంగతి చెవిని పడినను మనసున పడలేదు.

ఆమెకు డెబ్బదిరెండేండ్లు. మధుమేహము పదునైదేండ్లుగా కలదు. జ్వరము తగిలినపుడు ఆమె, "ఒట్టి రొంపజ్వరమే అమ్మాయీ. ఏటా వచ్చేదేగా! మిరియాల కషాయం కాచి ఇయ్యి, అదే పోతుంది" అనెను. నేనును అట్లే తలచితిని. క్రొత్తవ్యాధి పిల్లలకు గదా వచ్చుచున్నది, పెద్దవారికి భయములేదని ఊరడిల్లితిని. భోగినాటి తెల్లవారుజామున మంట వేయుటకు పిలువబోగా, ఆమె మంచముపై కూర్చుండి, రెండు చేతులను మోకాళ్ల కానించి, ఊపిరికై పెనగులాడుచుండెను. పెదవులు నల్లబడియుండెను. వెంటనే ఆసుపత్రికి కొనిపోయితిమి. డాక్టరుగారు పరీక్షలు చేయించి, "మీరు భయపడుతున్న వైరసు కాదమ్మా. ఇది మామూలు ఫ్లూ. న్యుమోనియాలోకి దింపింది. మొదటి రెండురోజుల్లో తీసుకొచ్చివుంటే సులువయ్యేది" అనిరి. పదునొకండు దినములు ఆసుపత్రియందుంటిమి. దైవానుగ్రహమువలన ఆమె యిల్లు చేరెను.

ఆ రాత్రులందు ఆమె మంచముప్రక్కన కూర్చుండియున్న నాకు భారతములోని పరీక్షిన్మహారాజు కథ తలపునకు వచ్చెను. ఆ రాజు సర్పభయముచేత ఒంటికంబపు మేడ కట్టించుకొని, విషవైద్యులను మంత్రవేత్తలను చుట్టును కాపుంచుకొని, ఏడవనాటి ప్రొద్దు గ్రుంకువేళ ఇక గండము గడచినదని పండు చేతికి తీసికొనెను. తక్షకుడు ఆ పండులోనే సన్నని పురుగై యుండెను. నేనును వీధిగుమ్మమునకు కావలియుండి, వంటింటిగదిలో దగ్గుచున్న దగ్గును విననైతిని. మన సోదరీమణులకు ఈ విషయమును గూర్చి వ్రాయవలెనని నాడే నిశ్చయించుకొంటిని.

మొదట, ఆ జనవరి మాసమున మనలను భయపెట్టిన వైరసు సంగతి విచారింతము. దాని పేరు మానవ మెటాన్యుమోవైరసు. పత్రికలవారు పొడి యక్షరములతో హెచ్.ఎం.పి.వి. యని వ్రాసిరి. దానిని నెదర్లాండ్సుదేశపు శాస్త్రజ్ఞులు 2001వ సంవత్సరముననే కనుగొనిరి. అంతియకాదు. అచ్చట భద్రపరచియుంచిన ప్రాత రక్తపు నమూనాలను పరీక్షింపగా, 1958వ సంవత్సరమునాటి వానియందును ఆ వైరసుతో శరీరము పోరాడిన జాడలు కనబడెను. ఐదేండ్లు నిండునప్పటికి ఇంచుమించుగా పిల్లలందరికిని అది యొక్కమారైనను సోకియే యుండును. మన పిల్లలకు చలికాలమున వచ్చిన ఎన్నో జలుబులలో కొన్ని దానివే కావచ్చును. 2025 జనవరి 6వ తేదీన భారత వైద్య పరిశోధనామండలి బెంగుళూరులో ఇద్దరు పసిబిడ్డలయందు దానిని గుర్తించినపుడు, వారికి విదేశప్రయాణముతో సంబంధము లేదని కూడ తెలిపినది. అనగా అది నిన్న విమానము దిగి వచ్చిన యతిథి కాదు. చిరకాలముగా మన యిండ్లలోనే తిరుగుచున్నది. ఐనను ఆనాడు ఆ భీతియు ఒక కారణముగా బొంబాయి షేర్ల విపణియందు సెన్సెక్సు 1,200 పాయింట్లకు మించి పడిపోయెను. వైరసు ప్రాతది, పేరు మాత్రము మన చెవికి క్రొత్తది.

ఇంతటితో విరమించినచో, "ఐతే క్రొత్త వ్యాధులను గూర్చిన వార్తలన్నియు వట్టి బెదరింపులే" యని మన మొక యభిప్రాయమునకు రావచ్చును. అదియు పొరపాటే. ఆ పొరపాటు చేసి మనము కన్నీరు కార్చియున్నాము. 2019 డిసెంబరు 31వ తేదీన చైనాలోని ఊహాను నగరమున కారణము తెలియని న్యుమోనియా కనబడినదని ప్రపంచ ఆరోగ్యసంస్థకు తెలిసినది. 2020 జనవరి 30న కేరళయందు మనదేశపు మొదటి రోగి గుర్తింపబడెను. మార్చి 2న తెలంగాణములో మొదటి రోగిని గూర్చి ప్రకటించిరి. ఆ దినములలో మనమేమంటిమి? "ఇదియు జలుబువంటిదే. మన యెండలకు నిలువదు. ఫ్లూచేత ఏటేట లక్షలమంది పోవుట లేదా? దీనికింత గగ్గోలెందుకు?" అంటిమి. ఆ మాటలాడినవారు చదువుకొననివారు మాత్రమే కారు.

ఇప్పుడు లెక్క చూడుడు. ఫ్లూవలన కలుగు శ్వాసకోశ వ్యాధులచేత ప్రపంచమున ఏటికి 2,90,000 మొదలు 6,50,000 వరకు జనులు మరణించుచున్నారని ప్రపంచ ఆరోగ్యసంస్థ యంచనా. 2020, 2021 అను రెండు సంవత్సరములలో కరోనావలన, దానిచేత ఏర్పడిన దుస్థితివలన, సాధారణముగా సంభవించు మరణములకంటె అధికముగా సంభవించినవి సుమారు 1 కోటి 49 లక్షలని ఆ సంస్థయే లెక్క గట్టినది. అదియును దేశములకు దేశములు తలుపులు మూసికొని కూర్చుండిన పిమ్మట!

ఈ రెంటికిని ఇంత భేదమేల కలిగెను? ఫ్లూ వైరసు ఏటేట కొంచెము కొంచెము వేషము మార్చుకొనును. ఐనను బాల్యమునుండి పలుమారులు దానితో పోరాడియున్న మన శరీరము దాని పోలికను కొంతవరకైనను గుర్తుపట్టును. 2019లో పుట్టిన కరోనా వైరసును అదివరకు చూచిన శరీరము భూమిపై ఒక్కటియు లేదు. అందుచేత అది అడ్డు లేక వ్యాపించెను. దగ్గు జ్వరములు పైకి కనబడకముందే ఒకరినుండి యొకరికి సోకుచుండుటచేత దానిని కట్టివేయుట మరింత కష్టమయ్యెను.

కావున 2020లో మనము క్రొత్తదానిని ప్రాతదానిగా నెంచి అలక్ష్యము చేసితిమి. 2025లో ప్రాతదానిని క్రొత్తదిగా నెంచి బెదరిపోతిమి. చూచుటకు ఈ రెండును విరుద్ధములైన తప్పులు. మూలము మాత్రమొక్కటియే: విషయమును విచారింపక పేరును బట్టి తీర్పు చెప్పుట.

"ఫ్లూ" యను పేరు విన్నంతనే తేలికగా నిట్టూర్చుటయు తగదు. 1918వ సంవత్సరమున ప్రపంచమును కాల్చిన మహామారి ఫ్లూయే. మహాయుద్ధమునుండి మరలివచ్చు సైనికులతో అది జూనుమాసమున బొంబాయి రేవును చేరెను. మొదటి విడత స్వల్పముగా గడచిపోయెను. వర్షాకాలము ముగియు సమయమున రెండవ విడత దేశమంతట దావాగ్నివలె వ్యాపించెను. అప్పటి హిందూదేశమున కనీసము 1 కోటి 20 లక్షలమంది మరణించిరని పరిశోధకుల యంచనా. అంతకు మించిన లెక్కలును కలవు. 1911 మొదలు 1921 వరకు గల దశాబ్దమున మనదేశపు జనసంఖ్య పెరుగుటకు మారుగా తగ్గెను. ముసలివారికంటె ఇరువది మొదలు నలువది యేండ్ల ప్రాయపువారే యెక్కువగా బలియగుట ఆ వ్యాధియందలి మిక్కిలి దారుణమైన సంగతి. అప్పటి వైద్యులకు దాని కారణమే తెలియదు. మానవులకు సోకు ఫ్లూ వైరసును 1933లో గాని ఇంగ్లండునందు వేరుపరచి చూడలేకపోయిరి.

మన జ్ఞాపకమున నున్న మరియొక ఫ్లూ కలదు. 2009వ సంవత్సరపు స్వైనుఫ్లూ. విదేశమునుండి వచ్చిన ప్రయాణికునియందు అది మనదేశమున మొట్టమొదట గుర్తింపబడినది హైదరాబాదులోనే. ఆ సంవత్సరము మేనెలలో. జూను 11న ప్రపంచ ఆరోగ్యసంస్థ దానిని ప్రపంచవ్యాప్తమైన మహమ్మారిగా ప్రకటించెను. అప్పుడును ముక్కులకు గుడ్డలు కట్టుకొంటిమి. పందిమాంసము తినినవారికే వచ్చునని కొందరు వదంతులు పుట్టించిరి. అది నిజము కాదు. అరువదియేండ్లు దాటినవారికి అది తక్కువగా సోకుట ఒక చిత్రము. వారు తమ బాల్యమున దానిని పోలిన ప్రాత వైరసులను చూచియుండుటయే దీనికి కారణమని శాస్త్రజ్ఞులు చెప్పిరి. శరీరమునకు గల జ్ఞాపకశక్తి యట్టిది. 2010 ఆగష్టు 10న మహమ్మారి ముగిసినదని ప్రకటింపబడెను.

మరి ఆ వైరసు ఎచ్చటికి పోయెను? ఎచ్చటికిని పోలేదు. హెచ్1ఎన్1 అను పేరుతో మనమధ్యనే స్థిరపడి, ఏటేట వచ్చు ఫ్లూలలో తానును ఒకటియై యున్నది. మా యత్తగారి పరీక్షాపత్రమున వ్రాయబడిన పేరు అదియే. 2009లో ఏ పేరు విని ఊరెల్ల వణకెనో, 2025లో దానినే మామూలు ఫ్లూ యనుకొని ఆమెకు మిరియాల కషాయ మిచ్చి ఊరకుంటిని. వ్యాధి క్రూరత్వము మానుకొనలేదు. మనము దానికి అలవాటు పడితిమి. అంతియే భేదము.

ఇకమీదట ఏదేని క్రొత్త వ్యాధి పేరు వినబడినపుడు బియ్యపుబస్తాల కొరకు పరుగిడకమునుపు మనము నాలుగు ప్రశ్నలు వేసికొనవలెనని నా మనవి.

మొదటిది: ఈ వైరసు మానవశరీరములకే క్రొత్తదా, మన చెవులకు మాత్రమే క్రొత్తదా? శరీరములకు క్రొత్తదైనచో జాగ్రత్త మిక్కిలిగా వలయును. చెవులకు మాత్రమే క్రొత్తదైనచో నెమ్మదిగా వినవచ్చును.

రెండవది: సోకినవారిలో ఎందరికి ప్రాణాపాయము, ఎట్టివారికి? నూటికి ఒకరికన్న తక్కువయని విని తేలికగా తీసికొనరాదు. కోట్లమందికి సోకినపుడు ఆ తక్కువయే లక్షలగును. ఆ కొలదిమందిలో మన యింటివారుండుటకు అవకాశము గలదేమో చూచుకొనవలెను. ఫ్లూవలన పసివారికి, వృద్ధులకు, గర్భిణులకు, మధుమేహము, ఉబ్బసము, గుండెజబ్బు గలవారికి ముప్పు హెచ్చు.

మూడవది: అది ఎట్లు, ఎంత వేగముగా సోకును? లక్షణములు కనబడిన పిమ్మటనే సోకు వ్యాధియైనచో రోగిని వేరుగా నుంచి ఆపవచ్చును. ముందుగనే సోకునదైనచో ఆరోగ్యముగా కనబడువారును జాగ్రత్తపడవలయును.

నాలుగవది: దానికి ప్రతిక్రియగా మనచేత నేమున్నది? 2020 జనవరిలో కరోనాకు టీకాయు లేదు, తగిన మందును లేదు. ఏడాది తిరుగునప్పటికి, 2021 జనవరి 16న మనదేశమున టీకాలు వేయుట ప్రారంభమయ్యెను. వానిలో నొకటి హైదరాబాదులోనే తయారైనది. మెటాన్యుమోవైరసుకు 2025లో ఆ భయము పుట్టునాటికి టీకా యేదియు లేదు. ఫ్లూకు మాత్రము టీకాయు కలదు, మందును కలదు. చేతనున్న ఆయుధమును వాడకుండుటకంటె అవివేకము వేరొకటి లేదు. ఆ యవివేకము నాది.

ఈ ప్రశ్నలకు సమాధానములు వాట్సప్పున వచ్చు సందేశములలో దొరకవు. తేదీ లేని వార్తను, చెప్పినవారెవరో తెలియని వార్తను ముందునకు పంపకుడు. క్రొత్త వ్యాధి పుట్టిన మొదటి వారములలో వైద్యులకును అన్నియు తెలియవు. నేడు చెప్పినదానిని వారు నెల తరువాత సవరించుకొనవచ్చును. అది వారి యబద్ధము కాదు. తెలిసికొనుట యనగా నదియే.

ఇక గృహిణులు చేయదగిన పనులు కొన్ని వ్రాయుచున్నాను. ఫ్లూ వైరసు వేషము మార్చుచుండుటచేత టీకాను కూడ ఏటేట మార్చుచుందురు. ఏ రకములు చేర్చవలెనో ప్రపంచ ఆరోగ్యసంస్థ ఏడాదికి రెండుమారులు, ఫిబ్రవరిలోను సెప్టెంబరులోను, నిర్ణయించును. కావున ఒకప్పుడు వేయించుకొన్న టీకా ఎల్లకాలము పనిచేయదు. మనదేశమున ఫ్లూ వర్షాకాలమునను చలికాలమునను విజృంభించును. ఇంట వృద్ధులు, దీర్ఘరోగులు, గర్భిణులు, పసివారు ఉన్నచో ఋతువు రాకమునుపే వైద్యుని అడిగి టీకా సంగతి నిర్ణయించుకొనుడు. ఆరునెలలు నిండని శిశువులకు ఈ టీకా వేయరాదు. వారి చుట్టునున్నవారు జాగ్రత్తపడుటయే వారికి రక్ష.

ముప్పు హెచ్చుగా గలవారికి జ్వరము తగిలినచో మొదటి రెండుదినములలోనే వైద్యునికి చూపుడు. ఫ్లూకు వాడు మందు ఆ వ్యవధిలో మొదలుపెట్టినచో బాగుగా పనిచేయును. మందుల దుకాణమువాని నడిగి యాంటీబయాటిక్కు బిళ్లలు తెచ్చి మ్రింగింపకుడు. అవి వైరసుపై పనిచేయవు. పిల్లల జ్వరమునకు ఆస్పిరిను ఇయ్యరాదు. కషాయము గొంతునకు హాయి నిచ్చును, ఇయ్యవచ్చును. అది వైద్యునికి బదులు మాత్రము కాజాలదు.

పసిబిడ్డ జ్వరముతో నున్నపుడు, ఏడ్వకుండ నెమ్మదిగా నున్న వేళ చూచి, గడియారము ముందుంచుకొని ఒక నిమిషము ఊపిరులు లెక్కపెట్టుడు. రెండునెలలలోపు శిశువునకు 60, ఏడాదిలోపు బిడ్డకు 50, ఏడాది మొదలు ఐదేండ్లలోపు బిడ్డకు 40, లేక అంతకు మించి ఊపిరులున్నచో ఆలస్యము చేయరాదు. డొక్కలు లోనికి పోవుట, పాలు త్రాగకుండుట, మగతగా పడియుండుట, పెదవులు నీలివర్ణమగుట, తగ్గిన జ్వరము మరల తిరుగబెట్టుట అపాయసూచనలు. పెద్దవారికి ఆయాసము, రొమ్మునొప్పి, మాట తడబడుట కనబడినచో తెల్లవారువరకు ఆగకుడు.

దగ్గు వచ్చినపుడు మోచేతి మడత అడ్డు పెట్టుకొనుట, సబ్బుతో ఇరువది సెకనులపాటు చేతులు కడుగుకొనుట, కిటికీలు తెరచియుంచుట, జలుబు చేసిన బిడ్డను బడికి పంపక ఇంట నుంచుట క్రొత్త వ్యాధికిని ప్రాత వ్యాధికిని సమానముగా పనిచేయు పద్ధతులు. హాజరు తగ్గునను భయముతో తల్లులు జ్వరపు బిడ్డలకు బిళ్లవేసి బడికి పంపుచున్నారనియు, మూడవనాటికి సగము తరగతి దగ్గుచుండుననియు మావారు చెప్పుచుందురు. తల్లులు ఈ యొక్కటి మానినను ఎందరో తాతలకు నాయనమ్మలకు మేలు చేసినవారగుదురు.

మా యత్తగారు ఇప్పుడు తిరుగుచున్నారు. ఐనను మేడమెట్లు ఎక్కునపుడు నడుమ నిలిచి ఊపిరి తీసికొనవలసి వచ్చుచున్నది. పూర్వము సాయంకాలములందు ఆమె భాగవతము చదువగా నేను వినుచుంటిని. ఇప్పుడు నేను చదువుచుండగా ఆమె వినుచున్నారు. ఆ తరువాతి వర్షాకాలమునకు ముందే ఆమెకును, మాకందరకును టీకా వేయించితిమి. సూది చూచి ఆమె, "నా ఒక్కదానికోసం అందరికీ ఎందుకే ఈ ఖర్చు?" అని గొణిగిరి. నేను బదులు చెప్పలేదు. ఇంట నెవరైనను దగ్గినచో మాత్రము, ఎన్ని పనులున్నను విడిచి, ఆ గదిలోనికి పోయి చూచివచ్చుట నాకు వాడుకయైనది.